అమ్మ రాని నిద్ర

జనగామ,
2 నవంబర్ 2025.

మొగుళ్లపల్లి అంగన్‌వాడీ టీచరమ్మయు, శివాజీ బావకు ధర్మపత్నియు, అమ్మ పోయిన నాటి నుండి నాకు ముప్పాతిక అమ్మయు, దసరా నాటి నుండి నా ఫోన్ ఎత్తని మహారాణియు అయిన రజితక్క సముఖమునకు,

నీ తమ్ముడు చందు జనగామ అద్దె గదిలో, మంచం విరగకుండా ఒక పక్కకు ఒరిగి కూర్చొని, చేతులు జోడించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. నేనెంత ఉన్నానో అంతా క్షేమం. అక్కడ నువ్వూ పిల్లలూ క్షేమమని బావ చెప్పాడు. నువ్వు చెప్పలేదు.

నిన్న ఫోన్ చేస్తే బావే ఎత్తి, "మీ అక్క ఇంట్ల లేదు బామ్మర్ది" అన్నాడు. వెనక నుండి "లేనని చెప్పు, గట్టిగ చెప్పు" అని నీ గొంతే వినబడింది. పాపం, ఆయన గట్టిగానే చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం. ఉత్తరం మోగదు, దాన్ని కట్ చేయడానికి బటన్ కూడా ఉండదు. చింపవచ్చు గానీ, చదవకుండా చింపే నిబ్బరం నీకు లేదు. మన ఇంటి లంబాడీ మాటలో రాద్దామంటే దానికి లిపి లేదు. కనుక బడిలో ఇద్దరికీ దెబ్బలతో వచ్చిన ఈ తెలుగులోనే రాస్తున్నాను.

విషయం నీకు తెలిసిందే. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంటానని పండుగ నాడు తండాలో ప్రకటించాను. నువ్వు అందరి ముందు లేచి, "అమ్మ నీ కలలకొచ్చి సరే అనేదాంక నువ్వు కత్తి కింద పండేది లేదు, నేను దవాఖానకు వచ్చేది లేదు" అన్నావు. సభ ముగిసింది. బాపు మాన్‌సింగ్ గారు, అధ్యక్ష స్థానంలో ఉండి కూడా, బీడీ వెలిగించుకుని బర్ల దగ్గరికి వెళ్లిపోయారు.

పెద్ద పని ఏది తలపెట్టినా పోయినవాళ్లు కలలోకి వచ్చి ఒక మాట చెప్పిపోవాలన్నది మన ఇంటి రాజ్యాంగం. సివిక్స్ లెక్చరర్‌ను, రాజ్యాంగాన్ని కాదనను. బోరు ఎక్కడ వేయాలో అమ్మ బాపు కలలో వేలు పెట్టి చూపించింది, నీళ్లు పడ్డాయి. నీ పెళ్లికి ముందు వచ్చి నీ తల దువ్వి పోయింది. మన నాయనమ్మ గంగాబాయి అవ్వ కలలోకైతే, కోడలిగా బతికినన్నాళ్లూ మింగుకున్న జవాబులన్నీ చెప్పడానికి వారం వారం వస్తుందట. "సచ్చినంక నోరు లేసింది దీనికి" అని అవ్వ మురిసిపోతూ తిడుతుంది. ఆఖరికి పక్కింటి చాంద్యా కాక కలలోకి కూడా వెళ్లి, తీసుకున్న గడ్డపార ఎప్పుడిస్తావని అడిగి వచ్చింది.

నా కలలోకి మాత్రం ఒక్కసారి రాలేదు.

"అమ్మకు నీ మీద ఏదో కోపమున్నది తమ్మీ" అన్నావు. నేను నవ్వాను. నా ఒంటికి ఏ మాటైనా లోపలి దాకా దిగడానికి సమయం పడుతుంది కదా. అది ఇంకా దిగుతూనే ఉంది.

నా సంగతి కూడా కొంచెం విను. ఏది కల, ఏది జనగామ అని తేల్చుకోలేని బతుకైపోయింది నాది. పొద్దున లేస్తే రాత్రంతా మూటలు మోసినట్టుంటుంది. బస్సులో కళ్లు మూస్తే స్టేజీ దాటిపోతుంది. మొన్న క్వార్టర్లీ పరీక్షలకు నన్ను హాలుకు కాపలా పెట్టారు. కుర్చీలో కూర్చున్నాను. కళ్లు తెరిచేసరికి పరీక్ష అయిపోయింది. నా నిద్ర చెడకూడదని పిల్లలు చెప్పులు చేత పట్టుకొని తిరిగి, ఒకరిది ఒకరు చూసి రాసి, పేపర్లు కట్ట కట్టి నా ఒళ్లో పెట్టి వెళ్లారు. ప్రిన్సిపాల్ పురుషోత్తం సారు వరండాలో పోతూ ఆ నిశ్శబ్దం విని స్టాఫ్ రూములో మెచ్చుకున్నారట: "హాలంటే చందు సార్ హాలు లెక్క ఉండాలె. ఆ ఫ్యాన్ ఒక్కటే బాగ మొత్తుకుంటున్నది, జర చూపియ్యుండ్రి." అది ఫ్యాన్ కాదు. ఇక హాలంతా ఏకగ్రీవంగా రాసిందేమిటంటే, గవర్నరును జిల్లా కలెక్టరు నియమిస్తాడు.

అది నవ్వే సంగతి. ఇది కాదు. పండుగ అయిన వారానికి దంతాలపల్లిలో మా కాలేజీ అటెండరు కూతురి పెళ్లికి బండి మీద బయలుదేరాను. దారి గుర్తుంది. పొద్దుటి మంచు గుర్తుంది. తర్వాత చుట్టూ తెలుపు. ఎటు చూసినా తెల్లగా, మెత్తగా, నేలకు కాస్త పైన తేలుతున్నట్టుగా ఉంది. నొప్పి లేదు, చప్పుడు లేదు. పోయాననుకున్నాను. ఒట్టు అక్క, భయం వేయలేదు. ఇక్కడైతే అమ్మ కనబడుతుంది అనుకొని అటూ ఇటూ చూశాను. ఒక ముసలమ్మ పత్తి సంచి నడుముకు కట్టుకొని నిలబడి ఉంది. "ఎవల బిడ్డవురా, ఏరే చేను మీద అడ్డం పండితివి" అన్నది. ఆమె పేరు యాకమ్మ. చేను ఆమెది. నేను బండి మీదే నిద్రపోయి, రోడ్డు దిగి, ఆమె పత్తిలో లేచాను. మోచేయి గీరుకుపోయింది, అంతే. ఆమె మంచినీళ్లు ఇచ్చింది.

అందుకే అక్క, ఈ ఆపరేషన్. ముచ్చటకు కాదు. అయితే హైదరాబాద్ దవాఖానలో కత్తి కంటే ముందు నిద్ర పరీక్ష అన్నారు. డాక్టరమ్మ పేరు సౌందర్య. "మత్తు ఇస్తే గొంతు ఇంకింత సడలుతది. నిద్రల నీ ఊపిరి ఆగుతున్నదో లేదో తెల్వకుండ నిన్ను బల్ల ఎక్కియ్యం" అన్నది. ఒక చిన్న పెట్టె ఇచ్చి, ఇంటి దగ్గరే పెట్టుకొని పడుకోమంది. నాకు నిద్ర బాగా పట్టేది తండాలోనే. అక్కడికే పోతున్నాను.

ఇట్లు,
నీ ఆగ్రహానికి పాత్రుడు, నీ చేతి జొన్నరొట్టెకు అర్హుడు,
చందు.


జనగామ,
23 నవంబర్ 2025.

నా మొదటి ఉత్తరాన్ని చదివి, మళ్లీ చదివి, బియ్యం డబ్బాలో దాచిన అక్కకు (బావ చెప్పాడు, ఆయనను ఏమీ అనకు) మంచు పట్టిన ఈ ఆదివారం పూట తమ్ముడి దండాలు.

మీ కేంద్రంలో పిల్లలను తూచే కాలం కదా. బరువు తక్కువున్న పిల్లలను చూసి నువ్వు దిగులు పడతావు. మొగుళ్లపల్లి మండలం లోటునంతా మన తండా ఉన్న నెల్లికుదురు మండలం నుండి నేనొక్కణ్నే పూడ్చుతున్నానని పై అధికారులకు తెలియజేయి.

తండాలో పరీక్ష మహా వైభవంగా జరిగింది. రొమ్ము చుట్టూ ఒక పట్టీ, ముక్కు కింద సన్నటి గొట్టం, వేలికి ఎర్రదీపం వెలిగే క్లిప్పు. వాకిట్లో మంచం వేసుకొని అవన్నీ తొడుక్కొని పడుకుంటే, తండా సగం వచ్చి చుట్టూ నిలబడింది. చాంద్యా కాక నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇగ పైకి ఎగురుతడా వీడు?" అన్నాడు. బాపు, "ఎగురకున్న మంచిదే, పొద్దుగాల లేస్తె సాలు" అన్నాడు. తర్వాత బాపు టీవీ ఆపించి, కోళ్లను గంప కింద మూసి, మా వాడు పరీక్షలో ఉన్నాడు ఎవరూ దగ్గొద్దని చెప్పి పంపాడు. అవ్వ తన మంచాన్ని నా మంచం పక్కకు జరుపుకుంది. పైన నక్షత్రాలు, వేలికి ఎర్ర నక్షత్రం. చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

పెట్టె తీసుకుపోయి ఇస్తే డాక్టరమ్మ గీతల వైపు చూసి, నన్ను చూసి, మళ్లీ గీతలు చూసింది. "ఊపిరి ఆగబోయినప్పుడల్ల ఎవరో నిన్ను కదుపుతున్నరు. పక్కన ఎవరు పండుకున్నరు?" అని అడిగింది. అక్కడి నుంచే ఇంటికి ఫోన్ కలిపాను. అవ్వ ఏ తడబాటూ లేకుండా ఒప్పుకుంది.

"నేనే. కట్టెతోని కాలు మీద ఒక్కటి ఇస్త. మల్ల షురూ అయితది."

"అవ్వా, అది పరీక్ష. ముట్టుకోవద్దని చెప్పిన గద!"

"ఊపిరి ఆగినోన్ని చూసుకుంట కూసోమంటవా? గది పరీక్షనా, పాడెనా?"

ఎప్పటి నుండి ఈ పని చేస్తున్నావని అడిగితే, "మీ అమ్మ పోయిన సంది. నువ్వు ఇంటికొచ్చిన దినమల్ల" అన్నది. కాలి మీది నల్లమచ్చలు చెప్పు కరిచినవనుకొని నేను దుకాణాలు మార్చుకుంటూ వచ్చాను అక్క. ముసలిది నిద్ర మానుకొని కట్టె పట్టుకొని నా ఊపిరికి కాపలా కాసింది. ఒక్కనాడూ చెప్పలేదు.

డాక్టరమ్మ ఫోన్ విని నవ్వింది. తర్వాత నవ్వడం ఆపింది. "మీ అవ్వ మంచి మిషనే. గని జనగామ గదిల నిన్ను ఎవరు లేపుతున్నరు?" అన్నది. నిద్రలోనైనా, బండి మీదైనా, నన్ను లేపడానికి ప్రతిచోటా ఒక యాకమ్మ ఉండదు.

రెండోసారి గదిలో ఒంటరిగా, తలుపు గడియ పెట్టుకొని పరీక్ష చేసుకున్నాను. ఫలితం: జబ్బు ఉంది, బాగా ఉంది. పడుకున్నంతసేపూ నా ఊపిరి ఆగుతూ, గుంజుకుంటూ, మళ్లీ ఆగుతూ ఉందట. రక్తంలో గాలి అడుగంటుతోందట. ఆపరేషన్ వెనక్కి జరిపారు. ముందు కొన్ని వారాలు ముక్కుకు మాస్కు వేసుకొని, గాలి కొట్టే మిషన్‌తో పడుకోవాలి. అప్పుడే మత్తు ఇస్తారు.

ఇక అసలు సంగతి. వెళ్లే ముందు డాక్టరమ్మ, "కలలు పడుతయా?" అని అడిగింది. నాలాంటి పెళ్లికాని పిల్లగాణ్ని అడగాల్సిన ప్రశ్నేనా అది? పడవని చెప్పాను. డిగ్రీ మొదటి సంవత్సరం నుండి, అంటే అమ్మ పోయి, నేను అన్నం మీద పడ్డప్పటి నుండి, ఒక్కటి కూడా గుర్తు లేదన్నాను.

ఆమె అన్న మాటను అన్నట్టే రాస్తున్నాను. "కలలు బాగ పడే నిద్ర లోపల ఉంటది. నువ్వు ఆ గడప దాంక పోతవు. ఊపిరి ఆగుతది. మెదడు నిన్ను గుంజి బయట పడేస్తది. తెల్లారేదాంక గిదే పని. ఇగ కల ఎక్కడ పడుతది?"

అంతే అక్క. బస్సులో వస్తూ కిటికీ లోంచి చూస్తుంటే చెరువులూ రాళ్లగుట్టలూ మంచులో మునిగి తేలుతున్నాయి. నాకు ఒకటే తోచింది. అమ్మ ఇన్నేళ్లూ రాకపోలేదేమో. వచ్చి తలుపు కొట్టి ఉంటుంది. లోపల మనిషి లేడు. నేను గడప బయట, ఊపిరి కోసం కొట్లాడుతూ ఉన్నాను. ఇద్దరం ఒకే గడప దగ్గర, ఒకరికొకరు కనబడకుండా తిరిగాం.

నువ్వు దీన్ని నమ్మాలని రాయడం లేదు. నాకు ఆ రోజు బస్సులో స్టేజీ దాటిపోలేదు. మెలకువతోనే దిగాను.

ఇట్లు,
గాలి మిషన్ కొరకు ఎదురుచూచు,
చందు.


జనగామ,
21 డిసెంబర్ 2025.

"మిషన్ల నుంచి అమ్మ వస్తదా?" అని బావ దగ్గర నవ్వి, ఆ వెంటనే చేటలో ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతూ కూర్చున్న అక్కకు, నిండా గాలి పీల్చుకొని తమ్ముడు సమర్పించు నివేదిక.

మిషన్ వచ్చింది. చూడటానికి చిన్న రేడియో అంత ఉంటుంది, దానికి ఏనుగు తొండంలాంటి గొట్టం. మాస్కు వేసుకొని అద్దంలో చూసుకుంటే వినాయకుడికి తమ్ముడిలా ఉన్నాను, పొట్టతో సహా. మొదట రెండు మూడు రోజులు యుద్ధమే. గాలి మొహం మీదికి తోసుకొచ్చి, ఊపిరి వదలబోతే వదలనివ్వదు. నిద్రలో పీకి పారేశాను. పీకకుండా నిలిచిన మొదటి రాత్రి నా పక్క గదిలో ఉండే అజయ్, బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లాడు, కంగారుగా వచ్చి తలుపు కొట్టాడు. "ఏందన్నా, ఇయ్యాల నీ చప్పుడు వస్తలేదు? నాకు నిద్ర పడ్తలేదు" అన్నాడు.

తర్వాత ఒడుపు దొరికింది. గాలిని ఎదిరించకూడదు, ఈదేటప్పుడు నీటికి ఒళ్లు అప్పగించినట్టు అప్పగించాలి. ఆ పైన ఏమని చెప్పను! బరువంతా ఒడ్డున విప్పిపెట్టి దిగినట్టు, చల్లగా, నిదానంగా కిందికి, ఇంకా కిందికి. ఆ గడప వచ్చింది. నన్నెవరూ గుంజలేదు. దాటాను.

కలలు అక్క! ఇన్నేళ్లుగా పెండింగులో పడి ఉన్నవన్నీ ఒకేసారి మంజూరైనట్టు వచ్చి పడ్డాయి. జనగామ బస్టాండు నిండా నీళ్లు, బస్సులు బాతుల్లా ఈదుతున్నాయి, కండక్టరు తెడ్డు వేస్తూ టికెట్ ఇస్తున్నాడు. మా పురుషోత్తం సారు బర్రె మీద కూర్చొని పిల్లలకు హాల్ టికెట్లకు బదులు జామకాయలు పంచుతున్నాడు. ఒక చేను, అందులో పత్తికి బదులు మబ్బులు కాశాయి, యాకమ్మ వాటిని ఏరి సంచిలో కుక్కుతుంటే సంచి ఆమెను పైకి లేపుతోంది. పొద్దున లేచి, మంచం మీద కూర్చొని, నాకు నేనే ఆ కలలు చెప్పుకుంటున్నాను. రంగులు ఇంత చిక్కగా ఉంటాయని మరిచిపోయాను. మిషన్ పెట్టిన కొత్తలో కలలు వరదలా వస్తాయని, కరువు తీరిందనుకొమ్మని డాక్టరమ్మ చెప్పింది. పాఠం చెబుతూ నేను కునికి ఎన్ని రోజులైందో. పిల్లలు దిగులుగా ఉన్నారు.

ఇక ముఖ్యాంశం. నిలబడి వినవలెను.

గత గురువారం తెల్లవారుజామున అమ్మ నా కలలోకి విచ్చేసింది. ఆకాశమంతా వెలుగు. అమ్మ తెల్లని మేఘంపై నిలబడి, కుడిచేయి ఎత్తి, ఇలా సెలవిచ్చింది: "నాయనా చందూ! నీవు తలపెట్టిన కార్యము మంచిది. జనవరి రెండవ వారమున ఆపరేషన్ చేయించుకొనుము. నాకు సంపూర్ణ అంగీకారము. మీ అక్క రజితను తోడుగా తీసుకొని పొమ్ము. ఆమె ఫోను కూడా ఎత్తవలసి ఉన్నది." ఇలా చెప్పి, ఆశీర్వదించి, అంతర్ధానమైంది.

కనుక మన ఇంటి రాజ్యాంగం ప్రకారం ఆమోదముద్ర పడింది. బిల్లు చట్టమైంది. నువ్వు పెట్టిన షరతు నెరవేరింది. సంచి సర్దుకొని బయలుదేరడమే మిగిలింది.

అవ్వకు నా దండాలని బాపుతో చెప్పాను. పిల్లలకు ముద్దులు. బావకు, ఇన్నాళ్లూ అబద్ధాలు గట్టిగా చెప్పినందుకు, ప్రత్యేక అభినందనలు.

ఇట్లు,
చట్టబద్ధుడైన నీ తమ్ముడు,
చందు.

తా.క. అక్కా, పైన రాసిన కల నేను కట్టింది. నువ్వు రెండో వాక్యానికే పట్టుకొని ఉంటావు. మన అమ్మ రామి నాతో ఏనాడైనా ఒక్క తెలుగు ముక్క మాట్లాడిందా?

కానీ వచ్చింది. గురువారమే. దాన్ని అలంకరించకుండా రాస్తాను.

కల్లంలో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. ఎరుపు ఎంత దూరం పోయిందో అంతు లేదు, అంచులో ఆకాశాన్ని కలిసింది. అమ్మ తీజ్ పండుగకు తప్ప తొడగని అద్దాల పేటియా లంగా తొడుక్కొని కూర్చొని, కాయలకు తొడిమలు తీస్తోంది. కదిలినప్పుడల్లా అద్దాలలో ఎండ నీళ్లలా కదులుతోంది. "యాడీ" అని అమ్మను పిలిచాను. తలెత్తింది. ఇంత పొద్దుపోయి వచ్చావేం అని, మన మాటలో, రోజూ అడిగినట్టే అడిగింది. పక్కన చోటు చూపించింది. కూర్చున్నాను. నా ఒళ్లో ఇన్ని కాయలు పోసింది.

ఆపరేషన్ సంగతి అడిగాను. అదేదో తనకు తెలియని ఊరి పేరైనట్టు నా మొహం చూసి, మళ్లీ పనిలో పడింది. సరే అనలేదు. వద్దనలేదు. ఇద్దరం తొడిమలు తీస్తూ కూర్చున్నాం. ఘాటుకు నాకు తుమ్ము వచ్చింది. అమ్మ నవ్వింది. అంతే. కళ్లు తెరిచేసరికి మాస్కు లోపల చెంపలు తడిసి, గాలి ఎక్కడో కారుతోందని మిషన్ కూస్తోంది.

అమ్మ దగ్గర నా ఆపరేషన్‌కు ఏ జవాబూ లేదు. ఆమె దాని కోసం రాలేదు. కాబట్టి ఇక మిగిలింది నువ్వే. అమ్మ పోయాక నాకు జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయింది నువ్వు, ఫీజు కట్టొద్దన్నా కట్టింది నువ్వు. ఇప్పుడు సరే అనాల్సిందీ వద్దనాల్సిందీ నువ్వే.

వద్దంటే ఆగుతాను, మాట ఇస్తున్నాను. కానీ ఆ బల్ల మీది నుండి నేను లేవనేమోనని నీకు భయంగా ఉందని చెప్పి వద్దని అను. నాకూ ఉంది, కలిసే భయపడదాం. అమ్మకు కోపమని మాత్రం చెప్పకు అక్క. లేదు. పక్కన కూర్చొని చూసి వచ్చాను.